కాటన్ పేరున్న ప్రతివాడూ మన కాటన్ దొరేనా?

గోదారిగట్టు
మే 15 వచ్చిందంటే ఫోన్ నిండా కాటన్ దొర జయంతి మెసేజీలే. సంతోషం. మా కోనసీమలో ఆయన విగ్రహానికి దండ పడని ఏడాది ఉండదు. కానీ ఈసారి మా ఊరి గ్రూపులో తిరుగుతున్న ఒక ఫార్వర్డ్ చూసి ఒళ్లు మండింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడట, సిమ్లాలోనూ బెంగళూరులోనూ బడులు పెట్టాడట, అస్సాంలో కాలేజీ పెట్టాడట, కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడట, చివరికి నదిలో జారిపడి పోయాడట! మన ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి, 1899లో ఇంగ్లండులోని డోర్కింగ్‌లో తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు కదా. ఇందులో ఎంతమంది కాటన్లని కలిపేశారు? తెలిసినవాళ్లు విడదీసి చెప్పండి. పిల్లలు దీన్నే వ్యాసరచన పోటీలో రాసేస్తున్నారు.

పాతకాగితం
ముగ్గుర్ని ముద్ద చేశారు.
ఆనకట్ట ఆర్థర్ కాటన్‌ది, మనవాడు. సిమ్లా బడి జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్‌ది, ఆయన కలకత్తా బిషప్. అస్సాం కాలేజీ, కాంగ్రెస్ అధ్యక్ష పదవి హెన్రీ కాటన్‌వి, ఆయన ఐసీఎస్ అధికారి. ముగ్గురి వృత్తులూ వేరు, తిరిగిన ఊళ్లు వేరు. ఒకే శతాబ్దంలో ఇండియాలో పనిచేయడం, ముగ్గురికీ మంచిపేరు రావడం వల్ల ఈ గజిబిజి.

లంకపొలం
నదిలో పడింది ఎవరు మరి? మా తాత కూడా కాటన్ దొర గోదాట్లో కొట్టుకుపోయాడనే చెప్పేవాడు.

పాతకాగితం
@లంకపొలం బిషప్ గారండి. గోదారి కాదు, బెంగాల్లో గొరాయి నది. 1866 అక్టోబర్ 6న కుష్టియాలో క్రైస్తవుల శ్మశానానికి ప్రతిష్ఠ చేసి, సాయంత్రం చీకటిపడే వేళ స్టీమరు ఎక్కబోయాడు. ఒడ్డు నుంచి స్టీమరుకి పలకలు వేసి ఉన్నాయి. కాలు జారింది, ప్రవాహం లాక్కుపోయింది. శవం కూడా దొరకలేదు.
అంతకుముందు ఆయన రగ్బీ బడిలో థామస్ ఆర్నాల్డ్ దగ్గర మాస్టారు, ఆ తర్వాత మార్ల్‌బరో కాలేజీ హెడ్మాస్టరు. 1858లో కలకత్తా బిషప్ అయ్యాడు, మరుసటి ఏడే సిమ్లా బడి మొదలైంది. బెంగళూరు బిషప్ కాటన్ బడి 1865 నాటిది, ఆయన పేరు పెట్టారు.

బెంగుళూరు_బావ
మా అబ్బాయి అక్కడే చదివాడు. అడ్మిషన్ రోజున మా నాన్న గేటు దగ్గర బోర్డు చూసి చేతులు జోడించి "మన ఆనకట్ట దొరే" అన్నాడు. గోదావరి జిల్లావాడికి ఆ పేరు కనబడితే చేతులు వాటంతటవే లేస్తాయి. ఈ దారం ఆయనకి చదివి వినిపిస్తా.

బ్రహ్మపుత్ర_టీటీఈ
రైల్వే ఉద్యోగంలో గువాహటిలో చాలాకాలం ఉన్నా, హెన్రీ కాటన్ గురించి నేను చెప్తా. కాలేజీ 1901లో తెరిచారు, 2017 నుంచి కాటన్ యూనివర్సిటీ. అక్కడ కాలేజీ కావాలని గట్టిగా అడిగింది మాణిక్ చంద్ర బరువా. హెన్రీ అప్పుడు అస్సాం చీఫ్ కమిషనర్ కాబట్టి ఆయన పేరు పెట్టారు. తెల్లదొర ఒక్కడే కట్టించినట్టు చెప్పుకోవడం అస్సామీలకి అన్యాయం.
ఆయన్ని నేను గౌరవించేది కాలేజీ కోసం కాదు. తేయాకు తోటల కూలీల జీతం పెంచాలని తోటల యజమానులతో తగువు పడ్డాడు. ఆ యజమానులు గగ్గోలు పెడితే, వైస్రాయ్ కర్జన్ వాళ్ల మాట విని పెంపును తగ్గించేశాడు. ఆ తోటల్లోకి మన గంజాం, విశాఖ వైపు నుంచి కూడా జనాన్ని తోలుకెళ్లారు. వాళ్ల మనవలు ఇప్పటికీ నాకు రైల్లో తగులుతుంటారు. తెలుగు రెండు ముక్కలే వచ్చు, కానీ "మాది తెలుగే" అంటారు.
1902లో రిటైరయ్యాడు, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడు. 1906 నుంచి 1910 దాకా నాటింగ్‌హామ్ తూర్పు తరఫున పార్లమెంటు సభ్యుడు.

పాతకాగితం
ఇంకో ముక్క కలుపుకోండి. హెన్రీ పుట్టింది కుంభకోణంలో, 1845లో. తండ్రి జోసెఫ్ జాన్ కాటన్ మద్రాసు సివిల్ సర్వీసు. ఆ ఇంటివాడే జూలియన్ జేమ్స్ కాటన్. మద్రాసు రాజధానిలో తెల్లవాళ్ల సమాధుల మీది రాతలన్నీ సేకరించి 1905లో అచ్చువేయించాడు. మన తీరం ఊళ్లలో ఏ సమాధి ఎవరిదో వెతికేవాళ్లకి ఇప్పటికీ అదే దిక్కు.

రాజమండ్రి_రాణి
విడదీయండి బాబూ, కానీ మావాడి పక్కన నిలబెట్టి తూచకండి. మా నాన్నగారు గోదావరి స్నానం చేసి సంకల్పంలో కాటన్ గారి శ్లోకం చదివేవారు. "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం" అని. పరాయి దేశపు క్రైస్తవుణ్ణి వైదికులు భగీరథుడని స్మరించడం ఇంకెక్కడైనా చూశారా? పుష్కరాల్లో ఆయనకి పిండం పెట్టినవాళ్లని కళ్లారా చూశాను.

సీమబిడ్డ
మీకు ఆయన దేవుడు, కాదనను. కానీ కథ అంతా ధవళేశ్వరంతోనే అయిపోయినట్టు మాట్లాడతారేమప్పా? మా పొలం కేసీ కెనాల్ కింద ఉంది. ఆ కాలువ వెనక కూడా ఆర్థర్ కాటన్ ఆలోచనే. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి కర్నూలు, కడపలకు నీళ్లు తేవాలని, పడవలు కూడా నడపాలని. ఆ పని ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని లండన్ వాటాదారుల కంపెనీ చేసింది. ఖర్చు తడిసి మోపెడైంది, రైతులు నీటి తీరువా కట్టడానికి ముందుకు రాలేదు, ఆఖరుకు 1882లో ప్రభుత్వం కొనుక్కోవాల్సి వచ్చింది. గోదావరిలో పండిన లెక్క మా నల్లరేగడిలో పండలేదు. ఆయన లెక్క తప్పిన చోటు కూడా చెప్పుకుంటేనే మనిషి పూర్తిగా కనపడేది. డెల్టాలో కంపెనీ సర్కారుకు శిస్తు ఎంత పెరిగిందో అదీ చెప్పుకోవల్ల.

గోదారిగట్టు
@సీమబిడ్డ శిస్తు పెరిగిందన్నది నిజమే, ఆ లెక్క చూపించే ఆయన కంపెనీ చేత డబ్బు విదిలించాడు. వేరే దారి లేదు. 1833 కరువులో, డొక్కల కరువంటారు కదా, జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ తర్వాత కూడా పైనున్నవాళ్లు కదలలేదు. ఆయన నివేదికలు రాసీ రాసీ, 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది.
ఇంకోటి. ఇసకలో పునాది వేయడం ఆయన సొంతంగా కనిపెట్టలేదు, ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. తంజావూరు దగ్గర చోళుల కల్లణై ఆనకట్టని చూసి నేర్చుకున్నాడు. ముందు అక్కడి కొల్లిడం నది మీద కట్టాడు, తర్వాత మన దగ్గర. నది ఇసకలోకి నూతులు దింపి, వాటిని రాయితో నింపి, దాని మీద కట్టడం. రాయి ధవళేశ్వరం కొండదే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా నదిని కట్టారు. కూలీల్ని కూడగట్టి పని నడిపిన వీణెం వీరన్న గారి పేరు మా పాత ఓవర్సీర్లు కాటన్ పేరుతో జతగానే పలికేవారు.

సీమబిడ్డ
వీరన్న గారి మాట బాగుంది. ఫార్వర్డుల్లో ఆయన ఏడీ?

ఓరుగల్లు_పోరడు
మీరంతా గోదావరి కాటన్ దగ్గరనే ఆగిన్రు. మా తెలంగాణకు వేరే కాటన్ వచ్చిండు, నీళ్లు కాదు, తుపాకులు తెచ్చిండు!
సిడ్నీ కాటన్. ఆస్ట్రేలియాల క్వీన్స్‌లాండ్‌ల 1894ల పుట్టిండు. మొదటి యుద్ధంల బ్రిటిష్ నేవీ విమానాలు నడిపిండు. పైన చలికి గడ్డకట్టకుండ ఒక డ్రెస్సు తయారు చేసిండు, దాన్ని సిడ్‌కాట్ సూట్ అన్నరు, ఆయన పేరు మీదనే. రెండో యుద్ధానికి ముందు 1939ల వ్యాపారం పని మీద పోతున్నట్టు లాక్‌హీడ్ విమానంల జర్మనీ మీద తిరుక్కుంట, అడుగున దాచిన కెమెరాలతోని ఫోటోలు తీసిండు. బ్రిటిష్ ఎయిర్‌ఫోర్సు ఆకాశం నుంచి ఫోటోలు తీసే పని ఆయన చేతులనే బలపడ్డది. మాట వినని మనిషి, 1940ల పక్కకు పెట్టిన్రు.
ఇగ 1948. ఇండియా యూనియన్ హైదరాబాద్‌కు దిగ్బంధం పెట్టింది. నిజాం సర్కారు సిడ్నీ కాటన్‌ను పట్టింది. లాంకాస్టర్ బాంబర్ నుంచి తయారైన లాంకాస్ట్రియన్ విమానాలల్ల కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు. బీదర్‌ల, వరంగల్‌ల దించేటోళ్లు. మా తాత మామునూరు దగ్గరోడు. ఆ ఎండకాలం, వానకాలం నడిరాత్రి పెద్ద చప్పుడు వచ్చేదట, దీపాలు ఆర్పుమని పోలీసు పటేల్ మనుషులు తిరిగేటోళ్లట. చెప్పుకుంట చెప్పుకుంట ముసలాయన మంచం మీద లేచి కూసునేటోడు.

లంకపొలం
ఓరి నాయనో. ఒకే పేరు, ఒకడు బియ్యం, ఒకడు బుల్లెట్లు.

రాజమండ్రి_రాణి
@ఓరుగల్లు_పోరడు ఇతను మన ఆర్థర్ గారి వంశం కాదు కదా? కాదని చెప్పు నాయనా.

ఓరుగల్లు_పోరడు
ఆస్ట్రేలియాల పశువుల దొడ్ల కుటుంబం అక్కా. పేరొక్కటే. మీ దేవునికి మచ్చ రాదు తియ్.

పాతకాగితం
మచ్చ మాట వచ్చింది కాబట్టి చెప్తా, రాణి గారు ఏమీ అనుకోవద్దు. ఆర్థర్‌కి సొంత అన్న పేరు కూడా సిడ్నీయే, జనరల్ సిడ్నీ కాటన్. 1857లో పెషావర్‌లో సేనాధిపతి. ఆ జూన్‌లో తిరగబడిన 55వ పటాలం సిపాయిల్లో నలభై మందిని అక్కడ ఫిరంగుల నోళ్లకి కట్టి పేల్చారు, ఊరి జనం, మిగతా పటాలాలు చూస్తుండగా. తమ్ముడు ధవళేశ్వరంలో పని ముగించి అప్పటికి ఐదేళ్లు. ఒక తల్లి బిడ్డలే.
తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కి పదకొండుగురు కొడుకులు. ఇంకో తమ్ముడు ఫ్రెడరిక్ మద్రాసు ఇంజినీర్లలోనే పనిచేశాడు. పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్, కాంబర్‌మియర్ ప్రభువు, నెపోలియన్ యుద్ధాల్లో ఆశ్వికదళం నడిపి, 1826లో భరత్‌పూర్ కోటను పడగొట్టిన సర్వసేనాని. ఆ ఇంట్లో ఎక్కువమందికి కత్తే వృత్తి. కాలువలు తవ్వి పేరు తెచ్చుకోవడమే ఆ వంశంలో వింత.

రాజమండ్రి_రాణి
అనుకోవడానికేముంది. అన్న చేసింది అన్నది, తమ్ముడు చేసింది తమ్ముడిది. రావణుడికి విభీషణుడు తమ్ముడు కాడా. కానీ ఆ నలభై మంది సంగతి చదివాక మనసు పాడైంది.

రసాయనం_మాస్టారు
మా ఎమ్మెస్సీ వాళ్లకి కాటన్ అంటే వేరే ఆయన. కాటన్, విల్కిన్సన్! ఇనార్గానిక్ కెమిస్ట్రీకి వాళ్లిద్దరి పుస్తకమే మా వేదం. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ కోసం హాస్టల్లో వంతులు వేసుకునేవాళ్లం. అట్ట ఊడిపోతే బైండింగ్ చేయించి, వెన్ను మీద ఇంకుతో "కాటన్" అని రాశారు. ఎఫ్.ఎ. కాటన్ అమెరికావాడు, 1930లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, 2007లో పోయాడు. హార్వర్డ్‌లో విల్కిన్సన్ దగ్గరే పీహెచ్‌డీ. రెండు రీనియం పరమాణువుల మధ్య నాలుగు బంధాలు ఉన్నాయని 1964లో తేల్చింది ఆయనే. అంతకుముందు మూడు దాటి బంధం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నోబెల్ గురువుకి వచ్చింది 1973లో, ఈయనకి రాలేదు. వచ్చి ఉండాల్సింది, ఇప్పటికీ అంటాను.

ఎంసెట్_తల్లి
కాటన్ ఎఫెక్ట్ కూడా ఈయనదేనా మాస్టారూ? మా అమ్మాయి నోట్సులో ఉంది.

రసాయనం_మాస్టారు
కాదమ్మా. అది ఎమే కాటన్ అనే ఫ్రెంచి ఫిజిక్సు ఆయనది, 1869 - 1951. ఆయన అన్నదమ్ముడు ఎమీల్ లెక్కల మనిషి, కాటన్ టెన్సర్ అతనిది. రాత ఒకటే గానీ ఫ్రెంచి ఇంటిపేరు, ఈ ఇంగ్లీషు కాటన్లకి సంబంధం లేదు. పరీక్షలో అడిగితే మార్కు పోగొట్టుకోవద్దని చెప్పండి.

లంకపొలం
అసలీ పేరు పత్తి వ్యాపారం నుంచి వచ్చిందా?

ఇంటిపేర్ల_ఈశ్వరయ్య
పత్తికీ దీనికీ చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెలున్న చోటు అని అర్థం వచ్చే ఊరిపేర్లు చెషైర్, కేంబ్రిడ్జిషైర్, స్టాఫర్డ్‌షైర్లలో చాలా ఉన్నాయి. ఏ ఊరి నుంచి వచ్చినవాడికి ఆ ఊరిపేరు. మనకి పుట్టపర్తివారు, వేటూరివారు ఎలాగో అలాగే. అందుకే కాటన్లందరికీ మూలపురుషుడు ఒకడు ఉండాలన్న నియమం లేదు. మన దగ్గరా ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. మా చెల్లెలి సంబంధం ఇలాగే చెడింది. ఇంటిపేర్లు కలిశాయి, అన్నాచెల్లెళ్లు అవుతారని పెద్దాయన పట్టుబట్టాడు. గోత్రాలు వేరని, ఊళ్లు వేరని మొత్తుకున్నా వినలేదు. తర్వాత చూస్తే వాళ్ల పూర్వీకులది నెల్లూరు వైపు ఊరు, మాది పల్నాడు ఊరు, పేరు మాత్రం ఒకటి.

బెంగుళూరు_బావ
చెల్లెలికి పెళ్లయిందా మరి?

ఇంటిపేర్ల_ఈశ్వరయ్య
శుభ్రంగా అయింది. ఇద్దరు పిల్లలు. ఈసారి ఇంటిపేరు కలవకుండా ముందే చూసుకున్నాం :)

లండన్_వదిన
ఇంత చర్చలో అసలు పెద్ద కాటన్‌ని వదిలేశారు! సర్ రాబర్ట్ కాటన్, 1571 - 1631. పుస్తకాల మనిషి. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక చెల్లాచెదురైన రాతప్రతులు ఊరూరా వెతికి కొన్నాడు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి ఆయన దగ్గరే నిలిచింది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 మాగ్నా కార్టా ప్రతులు నాలుగే మిగిలాయి, అందులో రెండు ఆయనవి.
ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలలు పెట్టుకున్నాడు. పుస్తకానికి నంబరు కూడా ఆ చక్రవర్తి పేరుతోనే. బేవుల్ఫ్ నంబరు "విటెల్లియస్ ఎ 15", అంటే విటెల్లియస్ తల ఉన్న బీరువా, పై అర, పదిహేనో పుస్తకం. ఆ బీరువాలు పోయి ఎన్ని తరాలో, బ్రిటిష్ లైబ్రరీలో ఈరోజుకీ అదే నంబరు చెప్పి అడగాలి.
పాత హక్కుపత్రాలు అతని దగ్గరుంటే పార్లమెంటువాళ్లు వాడుకుంటున్నారని రాజు మొదటి చార్లెస్‌కి భయం. 1629లో లైబ్రరీకి సీలు వేయించాడు. సొంత పుస్తకాల గదిలోకి పోనీకుండా చేశారని కుంగిపోయి రెండేళ్లకే పోయాడు. 1731లో ఆ పుస్తకాలున్న ఆష్‌బర్న్‌హామ్ భవనానికి మంట అంటుకుంటే కిటికీల్లోంచి బయటికి విసిరి కాపాడుకున్నారు. నేను ఆ బేవుల్ఫ్ పుటని అద్దంలోంచి చూశాను. అంచులు గోధుమరంగులోకి కాలి, చివరి అక్షరాలు రాలిపోయి, ఒక్కో పుటకీ కాగితం చట్రం కట్టారు. కాసేపు కదల్లేకపోయాను. మన తంజావూరు సరస్వతీ మహల్ తాళపత్రాలు గుర్తొచ్చాయి.

పాతకాగితం
@లండన్_వదిన అద్భుతం. అంతమందిలో నాకు ఇష్టమైన కాటన్ ఈయనే.

గోదారిగట్టు
నాకు మాత్రం మావాడే :)

హోబార్ట్_అల్లుడు
ఆర్థర్‌కి టాస్మానియాతో లంకె ఉందని ఎవరూ అనలేదే. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టి ఇటొచ్చాడు, 1841లో ఇక్కడే ఎలిజబెత్ లియర్మంత్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కూతురు 1842లో ఇక్కడే పుట్టింది. ఆమె తర్వాత లేడీ హోప్. ఇంగ్లండులో తాగుడు మాన్పించే ప్రచారంలో పేరు తెచ్చుకుంది, తండ్రి జీవితచరిత్ర 1900లో అచ్చేయించింది. ఆర్థర్ గురించి మనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఆ పుస్తకమే.
ఆమెదే ఇంకో కథ ఉంది. డార్విన్ చివరి రోజుల్లో తాను చూడబోతే బైబిల్ చదువుతున్నాడని, తన సిద్ధాంతానికి బాధపడ్డాడని 1915లో అమెరికాలో ఒక మత పత్రికలో అచ్చయింది. డార్విన్ పిల్లలు అది అబద్ధమని గట్టిగా ఖండించారు. అయినా ఆ కథ వందేళ్లుగా తిరుగుతూనే ఉంది.

ఎంసెట్_తల్లి
డార్విన్ చివరికి దేవుణ్ణి నమ్మాడన్న కథ మా చర్చిలో కూడా విన్నాను! దాని వెనక మన కాటన్ దొర కూతురా!

బోస్టన్_పిన్ని
మా ఊరికి బోస్టన్ అని పేరు రావడంలోనూ ఈ కాటన్ల నీడ ఉంది. ఇంగ్లండులో లింకన్‌షైర్ బోస్టన్‌లో జాన్ కాటన్ అనే ప్యూరిటన్ పాస్టరు ఉండేవాడు. ఆయన శిష్యులు కొందరు ముందే వచ్చారు, ఊరికి తమ ఊరిపేరు పెట్టుకున్నారు. ఆయన 1633లో వచ్చాడు. ఆయన కూతురు కొడుకు పేరు కాటన్ మేదర్. తాత ఇంటిపేరే మనవడికి పిలుపుపేరు. ఇక్కడి సేలం ఊళ్లో మంత్రగత్తెలంటూ జనం మీద జరిగిన విచారణలప్పుడు ఆ నమ్మకానికి కొమ్ముకాసి చెడ్డపేరు తెచ్చుకున్నది ఈయనే.
కానీ 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు ఆయనే టీకా వేయించుకోమని పోరాడాడు. ఆ సంగతి ఆయనకి చెప్పింది ఒనెసిమస్, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఆఫ్రికా మనిషి. తన దేశంలో చేతికి గాటుపెట్టి మశూచి రసి ఎక్కిస్తారని మచ్చ చూపించి చెప్పాడు. జనం కోపంతో మేదర్ ఇంట్లోకి బాంబు విసిరారు. టీకా కథ చెప్పేటప్పుడు ఒనెసిమస్ పేరు ముందు చెప్పాలి, కాటన్ పేరు తర్వాత.

సీమబిడ్డ
మా వీరన్న గారి కథ మాదిరే ఉందే.

గోల్ఫు_రెడ్డి
హెన్రీ కాటన్ ఇంకొకాయన ఉన్నాడు, గోల్ఫు. బ్రిటిష్ ఓపెన్ 1934, 1937, 1948, మూడుసార్లు గెలిచాడు. 1934లో ఆయన కొట్టిన 65 స్కోరు పేరు మీద డన్‌లప్ కంపెనీ బంతినే అమ్మింది. కాంగ్రెస్ హెన్రీతో కలిపి ఇంకో ఫార్వర్డ్ రాకముందే చెప్తున్నా.

బెంగుళూరు_బావ
@ఓరుగల్లు_పోరడు నీ సిడ్నీ కాటన్ కథ మధ్యలో వదిలేశావు. ఆ తుపాకులు నిజాంకి పనికొచ్చాయా? అతన్ని పట్టుకున్నారా?

ఓరుగల్లు_పోరడు
ఏం పనికొస్తయ్ అన్నా. సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజు వచ్చింది, 17 వరకు నిజాం చేతులెత్తేసిండు. తుపాకులు తెచ్చుడు వేరు, వాటిని పట్టి నిలబడే ఫౌజు వేరు. సిడ్నీ మీద ఇంగ్లండ్‌ల 1949ల కేసు అయింది, 200 పౌండ్ల జుర్మానా. దొంగచాటుగ మా నెత్తి మీద నుంచి తుపాకులు మోసినందుకు గంతే. 1969ల చచ్చిపోయిండు.

బెంగుళూరు_బావ
200 పౌండ్లేనా!

ఓరుగల్లు_పోరడు
గంతే అన్నా. అప్పటికే మా తాత జైల్ల పడ్డడు, దీపం ఆర్పనందుకు కాదు, సంఘంల ఉన్నందుకు. గది వేరే ముచ్చట, వేరే దారం పెడత.